వరండాలో దొరసాని చెట్టు

ఎదురింటి కోడలు మంచి పిల్లే. కానీ ఫోనులో వస్తువులు తెప్పించే పిచ్చి ఒకటి ఉంది. నంద్యాలలో దొరకని వస్తువు లేదని ఎంత చెప్పినా వినదు. పొద్దున ఒక అట్టపెట్టె, సాయంత్రం ఒక అట్టపెట్టె. పోయిన చలికాలం అలా వచ్చిన పెట్టెలోంచి ఒక పూలచెట్టు దిగింది. చిన్న ప్లాస్టిక్ కుండీ, దాని నిండా గులాబీ రంగు మొగ్గలు. ఆ పిల్ల దాన్ని ఒక రోజు టీవీ పక్కన, ఒక రోజు వంటింటి కిటికీలో, ఇంకో రోజు ఫ్రిజ్ మీద పెట్టి ఫోటోలు తీసుకుంది. వారం తిరక్కుండా మొగ్గలన్నీ జలజలా రాలిపోయాయి. అప్పుడు గుర్తొచ్చాను నేను.

"ఆంటీ, ఇది చచ్చిపోతాందా?"

"చంటిబిడ్డను తిప్పినట్టు ఇల్లంతా తిప్పితే రాలక ఏం జేస్తాదమ్మా?"

"మీ చేయి మంచిది ఆంటీ. మీ దగ్గరే పెట్టుకోండి."

చేయి మంచిదని అంటే చాలు, మన నెత్తిన ఏదో ఒకటి పడబోతోందని అర్థం. వద్దనేలోపు కుండీ నా చేతిలో పెట్టి తలుపేసుకుంది. నా బాల్కనీలో పడమటి ఎండ మంట పుట్టిస్తుంది కాబట్టి రెండిళ్ల తలుపుల మధ్య, కారిడార్‌లో, గోడవారగా పెట్టాను. పెట్టి నిలబడి చూశాను. బల్లపరుపుగా, గణుపులు గణుపులుగా, ఒకదానికొకటి అతికించినట్టున్న ఆకులు. వాటి అంచుల్లో చిన్న చిన్న పళ్లు. ఎండ్రకాయ కాళ్లు. దీన్ని నేను ఎరగకపోవడమేమిటి! మా చిన్నతనాన్ని సగం కాల్చుకు తిన్నది ఇదే చెట్టు.

మా ఇంట్లో దాని పేరు దొరసాని చెట్టు.

మా అవ్వ, అంటే నాయన తల్లి, మిషన్ బంగళాలో దొరసానమ్మకు వంట చేసేది. ఆ దొరసానమ్మ తన దేశానికి వెళ్లిపోతూ ఇన్నాళ్లూ పనిచేసినవాళ్లకు తలా ఒక వస్తువు ఇచ్చింది. తోటమాలికి నవారు మంచం, బట్టలుతికే ఆమెకు గోడ గడియారం. ఇంత వండి పెట్టిన మా అవ్వకు మాత్రం ఒక చెట్టు! మా అమ్మ ఆ సంగతి ఎప్పుడు తలచుకున్నా పళ్లు నూరేది. అవ్వ మాత్రం అదేదో బంగారు పతకం అయినట్టు రెండు చేతులతో మోసుకొచ్చి, నాపరాళ్ల వరండాలో గోడకున్న బల్బు కింద అరుగు మీద పెట్టింది. "క్రిస్మస్‌కు పూస్తాదంట" అని వీధంతా చెప్పుకుంది.

వీధిలో వాళ్లు ఊరుకుంటారా?

"ఏందక్కా, చేని కంచెకుండే నాగజెముడును కుండీలో పెట్టి నీళ్లు పోస్తాండావ్?"

"నాగజెముడంట! ముండ్లు యాడుండాయో చూపీ!" అని అవ్వ ఆ మనిషి చేయి పట్టుకుని చెట్టు దాకా ఈడ్చుకుపోయేది.

ముళ్లు లేకపోవడమే మాకు నచ్చలేదు. పొలాల గట్ల మీది నాగజెముడు వెయ్యి రెట్లు నయం. దాని ఎర్ర పండ్లు రాతి మీద రుద్ది, ముళ్లు పోగొట్టి తింటే నోరంతా కుంకుమ పూసినట్టయ్యేది. ఈ మహాతల్లి కాయ ఇవ్వదు, పువ్వు ఇవ్వదు, ఎండాకాలంలో సేవ మాత్రం చేయించుకుంటుంది. నంద్యాల ఎండకు మేము చెమటలు కక్కుతూ నేల మీద దొర్లుతుంటే దానికి మాత్రం చుట్టూ తడి గోనెపట్ట. కూజా పక్కన చల్లటి చోటు దానిది. కుండీ మన్నులో మేక పెంటికలు, బొగ్గు నలుసులు, కోడిగుడ్డు పెంకులు. చేపలు కడిగిన నీళ్లు పోసిన రోజు వరండాలో కూర్చోవాలంటే ముక్కు మూసుకోవాల్సిందే. తమ్ముడూ నేనూ అక్కడే కూర్చుని ఎక్కాలు చదవాలి. నాయన మిషన్ స్కూల్లో మాస్టరు మరి.

ఆ చెట్టు వచ్చిన ఏడాదే మా చిన్నాయన ఆళ్లగడ్డకు పోయాడు. నాయనకు ఒక్కడే తమ్ముడు, అవ్వకు కడగొట్టు కొడుకు. నంద్యాలలో బండల మీద సమాధి అక్షరాలు చెక్కేవాడు. మా గుడి, అంటే చర్చి, వెనక తోటలో చాలా సమాధుల మీద పేర్లు అతను చెక్కినవే, ఒక్క అక్షరం కూడా పక్కకు వాలదు. అవ్వకు అది గొప్ప. నల్లరాయి పని నేర్చుకుంటానని ఆళ్లగడ్డకు బయలుదేరితే సంతోషంగానే పంపింది. వారానికోసారి, శనివారం కడపటి బస్సుకు ఇంటికి వచ్చేవాడు. ఆళ్లగడ్డలో నల్లరాయి దేనికి చెక్కుతారో ఈ జిల్లాలో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. మా అవ్వకు మాత్రం తట్టలేదు. లేదా తట్టనివ్వలేదు.

తట్టించిన మనిషి మా గుడిలో పాటలు ఎత్తిచ్చే ఆమె. ఏదో పనిమీద ఆళ్లగడ్డ పోయి, బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా మా వరండాకు వచ్చింది.

"వదినా, మీవోడు వినాయకునికి తొండం చెక్కుతాండాడు."

"సమాధి రాయేమోలే" అంది అవ్వ.

"సమాధి రాయికి తొండం ఉంటాదా వదినా?"

అంతే. అవ్వ లేచి లోపలికి పోయి తలుపేసుకుంది.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం చిన్నాయన వచ్చాడు. కొత్తగా వేసిన సున్నం వాసన, నూనెలో వేగుతున్న కర్జికాయల వాసన కలిసిపోయి ఇల్లంతా పండగ మాదిరి ఉంది. వెదురు బద్దలతో నాయన కట్టిన నక్షత్రం దొరసాని చెట్టుకు సరిగ్గా పైన వేలాడుతోంది. చిన్నాయన కనుబొమ్మల్లో ఇంకా రాతి దుమ్ము పోలేదు. చేతిలో సంచి. గడప దాటలేదు. దాటనిస్తే కదా, పిండి చేతులతోనే అవ్వ అడ్డంగా నిలబడింది.

"వాళ్లు చెప్పింది నిజమేనా?"

"నిజమే. రాయి రాయేనమ్మా. నేను చెక్కేది కూలికి, మొక్కేది మన ప్రభువుకే."

"విగ్రహం చెక్కిన చేత్తో నా ఇంట్లో కూడు తినద్దు."

"పండగపూట వద్దత్తా" అని మా అమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. నాయన గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే.

"అయితే ఎప్పుడు రావల్లో నువ్వే చెప్పు" అన్నాడు చిన్నాయన.

అవ్వ అటూ ఇటూ చూసింది. చూపు వెళ్లి ఆ పాపిష్టి చెట్టు మీద పడింది. క్రిస్మస్‌కు పూస్తుందన్నది, రేపే క్రిస్మస్, ఒక్క మొగ్గ కూడా లేదు.

"ఇది పూసిన రోజు రా" అంది.

"సరే" అన్నాడు. సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. మంచినీళ్లయినా తాగలేదు. నేను వీధి చివరి దాకా వెంటపడి చొక్కా పట్టుకుని లాగితే, నా నెత్తి మీద చేయి పెట్టి, "పాపా, చెట్టుకు నీళ్లు పోస్తాండు" అని వెళ్లిపోయాడు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి. బలపం ముక్క మీద గుండుసూదితో నా పేరు చెక్కి ఇచ్చిన మనిషి. అతను మా ఇంటికి రావడం ఒక పనికిమాలిన చెట్టు దయ మీద ఆధారపడింది. కోపంలో ఎవరైనా ఒక మాట అంటారు, రెండు రోజులు పోయాక నాలుక కరుచుకుంటారు. మా సీమలో అట్లా కాదు. నోరు జారితే శాసనం. అవ్వ మాట తప్పదు, కొడుకు గడప తొక్కడు. తల్లి పట్టిన కుందేలుకు మూడే కాళ్లయితే, కొడుకు పట్టిన దానికి రెండే.

మరుసటి రోజు నుంచీ అవ్వ ఆ చెట్టు వెంట పడింది. సాయంత్రం ప్రార్థన వంటింట్లోంచి వరండాకు మారింది. అందరం చెట్టు ముందు మోకాళ్లూని కూర్చోవాలి. అవ్వ ప్రార్థనలో ఊళ్లో వాళ్లందరి పేర్లూ వచ్చేవి, రోగాలవాళ్లు, పరీక్షలవాళ్లు, చివరికి మా బర్రె కూడా. చిన్నాయన పేరు మాత్రం వచ్చేది కాదు. ఆఖరున "చెట్టును పూయించు నాయనా" అనేది, అంతే. నాపరాయి మీద మా మోకాళ్లు పుండ్లు పడేవి.

ఇంకొకటి ఆ బల్బు. వరండాలో గోడకున్న బల్బు పొద్దుగూకగానే వెలిగితే మళ్లీ పొద్దున ప్రార్థన అయ్యాకే ఆరేది.

"అమ్మా, రాత్రంతా లైటెందుకు?" అని నాయన అడిగాడు.

"చెట్టుకు వెలుతురు కావల్ల. దొరసానమ్మ చెప్పింది."

"ఆమె చెప్పింది పగటి వెలుతురు గదమ్మా."

"నువ్వు పోయి పడుకో."

పురుగులు మూగేవి. బల్లులు మూగేవి. ఎండాకాలం మేము వరండాలో పడుకుంటే లైటు కళ్లల్లో పొడిచేది, ఆర్పితే అవ్వ ఎక్కడున్నా లేచి వచ్చేది. దుప్పటి ముసుగేసుకుని ఆ చెట్టును తిట్టుకుంటూ ఉక్కకు ఉడికిపోయేవాళ్లం.

ఇక కర్జికాయల డబ్బా సంగతి. ఏటా పండగకు చేసిన వాటిలో మంచివి ఏరి అవ్వ ఒక రేకు డబ్బాలో పెట్టి పైన అటక మీద దాచేది. ఎవరికి అంటే "వచ్చేవాళ్లకు" అనేది. ఆ వచ్చేవాళ్లు ఎప్పటికీ వచ్చేవాళ్లు కాదు. పాత నూనె వాసన కొట్టాక ఆ డబ్బా దించి, పారేస్తే పాపమని మా చేత తినిపించేది. కొబ్బరి గట్టిపడి, బెల్లం రాయై పళ్లు ఊడిపోయేవి. ఎవరికోసమో దాచడం, చివరికి మా నోట్లో కుక్కడం, ఇదెక్కడి న్యాయమని తమ్ముడు గింజుకునేవాడు.

మరుసటి క్రిస్మస్‌కు కూడా చెట్టు పూయలేదు. పచ్చగా, దుక్కలా ఉంది, పూత లేదు. ఇక దీన్ని నమ్ముకుంటే లాభం లేదని తమ్ముడూ నేనూ ఒక పని చేశాం. గుడి అలంకారానికి తెచ్చిన గులాబీ రంగు కాగితం కొంత మా జేబుల్లోకి వచ్చింది. మైదా జిగురు ఉడికించాం. కాగితాన్ని పూరేకుల్లా కత్తిరించి, కొసలు పెన్సిలుకు చుట్టి వంపు తెప్పించి, ఒక్కో ఆకు చివర ఒక్కోటి అతికించాం. దూరం నుంచి చూస్తే నిజంగానే పూసినట్టుంది. పొద్దున్నే లేచి "అవ్వా, చెట్టు పూసింది!" అని కేకలు పెట్టాం.

అవ్వ లేచి వచ్చిన తీరు నాకింకా కళ్లముందే ఉంది. కొంగు నేల మీద జారుతున్నా చూసుకోలేదు. తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "పెద్దోడా, బస్సుకు పో" అని నాయనను కేకేసింది. ఆ పైన రెండడుగులు ముందుకు వేసి, చేయి పెట్టింది. మైదా జిగురు వేలికి అంటుకుంది.

విసనకర్ర కాడ విరిగేదాకా కొట్టింది. ఆ తోపులాటలో చెట్టుకొమ్మ ఒకటి విరిగి కింద పడింది. దానికి కూడా రెండు దెబ్బలు మాకే వేసి, గుమ్మంలో కూలబడి చాలాసేపు ఏడ్చింది. దెబ్బలు తిన్నది మేము, ఏడుపు ఆమెది. అప్పుడు నాకు మండిపోయింది. అంత ఏడ్చేదానివి రమ్మని ఒక్క మాట కబురు పెట్టొచ్చు కదా!

విరిగిన కొమ్మను మా అమ్మ పారేయలేదు. నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, ఖాళీ పాలపొడి డబ్బాకు అడుగున చిల్లులు పొడిచి అందులో నాటింది. వేళ్లు పట్టాక నాయన చేతికి ఇచ్చి, "మీ తమ్మునికి ఇయ్యి. ఈ ఇంటిది ఏదో ఒకటి వాని దగ్గర ఉండనీ" అంది. నాయన నెలకోసారి దొంగలా ఆళ్లగడ్డ పోయి తమ్ముడిని చూసి వస్తుండేవాడు. అవ్వకు తెలుసు. తెలియనట్టు ఉండేది. తిరిగి రాగానే "బస్సులో జనం ఉన్న్యారా?" అని అడిగేది. ఆమెకు కావలసింది జనం సంగతి కాదని మాకందరికీ తెలుసు. నాయన కూడా "ఉన్న్యారు, బాగనే ఉన్న్యారు" అని చెప్పేవాడు. ఇదంతా చూస్తుంటే ఎవరికైనా పిచ్చెక్కదా?

ఆ తర్వాతి చలికాలం క్రిస్మస్ పోయింది. వరండాలో దొరసాని చెట్టు ఎప్పటిలాగే మొండికేసింది. కొత్త సంవత్సరం కూడా వెళ్లాక ఒక సాయంత్రం నాయన ఆళ్లగడ్డ నుంచి వస్తూ వీధి మొదటి నుంచే కేక పెట్టాడు. గట్టిగా మాట్లాడని మనిషి కేక పెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

"పూసింది! వాని దగ్గర పూసింది!"

డబ్బాలోని కొమ్మకు నాలుగైదు మొగ్గలట. ఒకటి అప్పటికే విచ్చిందట. మేము ఎగిరి గంతులేశాం. మా అమ్మ పొయ్యి మీది కూర మాడుతున్నా చూడకుండా వరండాకు వచ్చింది. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నా ఇంట్లో పూయల్లన్న్యా. వాని షెడ్డులో కాదు."

"అది దీని కొమ్మే గదమ్మా!" అన్నాడు నాయన.

"వాడూ నా కడుపున పుట్టినోడే. నా ఇంట్లో ఉన్న్యాడా?"

నాయన మరుసటి రోజు బడికి సెలవు పెట్టి మళ్లీ ఆళ్లగడ్డ పోయాడు, ఆ డబ్బానే తీసుకొచ్చి ఆమె ముందు పెడదామని. ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. చిన్నాయన ఇవ్వనన్నాడట. "పూసిన రోజు రమ్మనింది. పూసింది. ఇంగ పిలవాల్సింది ఆమె. నమ్మకపోతే ఆమెనే వచ్చి చూడమను" అన్నాడట. ఇద్దరి మధ్య మా నాయన అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఇక్కడినుంచి అక్కడికి గంటన్నర బస్సు. తల్లీకొడుకులు మాత్రం సముద్రాలకు ఆవల ఉన్నట్టు పంతాలు పట్టుకుని కూర్చున్నారు.

"మొదటి పువ్వు వాడిపోయిందంట" అంది మా అమ్మ, ఎవరితోనూ కాకుండా గోడతో అన్నట్టు.

నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. అవ్వ ముందుకు పోయి చేటను అవతలకు తోసేశాను. "అన్నీ రాలిపోతే చిన్నాయన ఇంగెప్పుడొస్తాడు? మళ్లా ఏడా? అప్పుడు గూడా పూయకపోతే?" అని అరిచాను. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చెల్లాచెదురైన బియ్యాన్ని ఒక్కొక్క గింజా ఏరుకుంటూ కూర్చుంది.

పొద్దున లేచేసరికి అవ్వ గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని ఉంది. ఆదివారం కాదు. చంకలో కర్జికాయల డబ్బా.

"ఆళ్లగడ్డలో మా చిన్నమ్మ కూతురికి బాగలేదంట. చూసొస్తా. పాపా, నువ్వు రా."

అలాంటి చుట్టం ఒకతె ఉన్నట్టు మాకెవరికీ తెలియదు. మా అమ్మ నవ్వును కొంగులో దాచుకుని, "పాపం, తొందరగా పోయి రా అత్తా" అంది.

బస్సులో అవ్వ ఎవరినీ వదల్లేదు. బస్సు నిదానంగా పోతోందని డ్రైవరును, వేగంగా పోతోందని కండక్టరును, మూటను అడ్డం పెట్టాడని ఒక రైతును, ఊపిరి గట్టిగా పీలుస్తున్నానని నన్ను తిట్టింది. కిటికీ బయట శనగచేలు. ఎవరో సీట్ల కింద పచ్చి శనగ కట్టలు పెట్టారు, బస్సంతా ఆ పులుపు వాసన. నేను కాయలు ఒలుచుకు తింటుంటే అవ్వ చేతులు మాత్రం డబ్బా మూతను తీస్తున్నాయి, మూస్తున్నాయి.

ఆళ్లగడ్డలో బస్సు దిగగానే ఉలి చప్పుడు వినిపించింది. దారి ఎవరినీ అడగలేదు. ఆ వీధి ఎక్కడుందో ఆమెకు ఎలా తెలుసో నాకు తెలియదు. బోదగడ్డి కప్పిన షెడ్డు, కరెంటు లేదు, పొద్దు వాలితే పని ఆగిపోవాల్సిందే. నేలంతా బూడిదరంగు దుమ్ము. సగం చెక్కిన దేవుళ్లు, కాళ్లున్న వాళ్లకు ముఖం లేదు, ముఖమున్న వాళ్లకు చేతులు లేవు. ఆ షెడ్డు మేస్త్రీ పెద్దమనిషి, గబగబా లేచి ఇనుప కుర్చీ తెచ్చి వేశాడు.

"రామ్మా, కూచో. నీ కొడుకు చేయి బంగారమ్మా."

అవ్వ కుర్చీని ఒక పక్కకు తిప్పింది. ఎదురుగా ఆంజనేయుడు. ఇంకో పక్కకు తిప్పింది. అమ్మవారు. మళ్లీ తిప్పింది. నాలుగు వైపులా దేవుళ్లే. చివరికి ఒక మూలకు తిప్పి కూర్చుంది. ఆ మూలలో ఉలి పట్టుకుని చిన్నాయన నిలబడి ఉన్నాడు. అతని వెనక, నీళ్ల తొట్టి పక్కన గూటిలో పాలపొడి డబ్బా. డబ్బాలోంచి కొమ్మ వంగి, దాని కొసన రెండు పూలు వేలాడుతున్నాయి. గులాబీ రంగంటే అదీ రంగు, మా కాగితం ఏ మూలకు? ఒక పువ్వులోంచి ఇంకో పువ్వు దూకుతున్నట్టు రేకులు వెనక్కి వంగి ఉన్నాయి.

అవ్వ అతని ముఖం వైపు కాక, ఆ డబ్బా వైపే చూసింది.

"ఆకుల మీద ఇంత దుమ్ము పట్టింటే గాలెట్లాడతాదిరా దానికి?" అంది అవ్వ.

"పూసింది గదమ్మా."

"పూసిందిలే. కనపడతాంది."

లేచి వెళ్లి కొంగు తడిపి, ఒక్కొక్క ఆకూ తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే నా వైపు తిరగకుండా, "పాపా, పోయి చెరకు పాలు తాగి రా" అంది. మేస్త్రీ నన్ను బయటికి తీసుకుపోయాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగి వచ్చేసరికి చిన్నాయన నేల మీద కూర్చుని కర్జికాయ కొరుకుతున్నాడు. అవ్వ ముక్కు చీదుతూ, "పాడు దుమ్ము" అంటోంది.

ఆ శనివారం కడపటి బస్సుకు చిన్నాయన ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చాడు. విగ్రహాల పని మానలేదు, అవ్వ మళ్లీ ఆ ఊసెత్తలేదు. పెళ్లయ్యాక ఆళ్లగడ్డలోనే స్థిరపడ్డాడు. వరండాలో దొరసాని చెట్టు మాత్రం అవ్వ బతికి ఉన్నన్నాళ్లూ ఒక్క పువ్వు పూయలేదు. ఆమె పోయిన మరుసటి ఎండాకాలం అదీ మాడిపోయింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, నాపరాళ్లు పీకి ఎవరో టైల్స్ షోరూం కట్టారు. ఆ దారిన ఆటోలో పోయేటప్పుడు నేను అటు చూడను.

ఇవన్నీ ఇప్పుడు తవ్వుకోవడం దేనికంటే, మళ్లీ ఎదురింటి పిల్ల వల్లే. దసరా వెళ్లాక ఒక సాయంత్రం తలుపు తీసి, "ఆంటీ, మొగ్గ వచ్చిందా?" అంది. రాలేదన్నాను. వెంటనే ఫోను తీసి గీకింది.

"ఆంటీ! ఇది పూయాలంటే రాత్రంతా చిమ్మచీకటి ఉండాలంట. వారాల తరబడి. చిన్న లైటు పడినా మొగ్గ కట్టదంట."

నేను తలెత్తి చూశాను. కారిడార్ ట్యూబ్‌లైటు సరిగ్గా కుండీ మీద వెలుగుతోంది. వరండాలో బల్బు. బల్బు పక్కన నక్షత్రం. ఇన్ని ప్రార్థనలు, ఇన్ని చేప నీళ్లు, మా వీపుల మీద విసనకర్ర! ఆ స్విచ్చి ఆర్పి ఉంటే చాలా? కరెంటు లేని షెడ్డులో ఏ సేవా లేకుండా పూసిందంటే పూయదా మరి? ఎంత కోపం వచ్చిందంటే, ఎవరినో ఒకరిని తిట్టకపోతే నిద్ర పట్టదనిపించింది. చిన్నాయనకు ఫోన్ చేశాను. ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు, వెనక ఆయన కొడుకుల రాళ్లు కోసే మిషన్ల రొద. అరిచి అరిచి చెప్పాను.

"లైటు చిన్నాయనా! ఆ లైటు వల్లే పూయలేదంట! చెట్టు కోసమని అవ్వ పెట్టిన లైటే దాన్ని చెడగొట్టింది!"

ఆయన మిషన్ ఆపమని ఎవరికో చెప్పాడు.

"ఆ లైటు చెట్టుకోసం కాదు పాపా."

"మరి?"

"నాకోసం. నేను ఆళ్లగడ్డకు వచ్చినకాడి నుంచీ పెడతాన్న్యది. కడపటి బస్సు దిగి వస్తే చీకట్లో తడుముకుంటానని. రావద్దన్న్యాక గూడా ఆర్పలే. ఆ పొద్దు నిన్ను చెరకు పాలకు పంపించి చెప్పింది. 'నోటితో రావద్దంటిని గానీ లైటు ఆర్పితినారా? ఆ మాత్రం అర్థం గాలేదా నీకు?' అనింది."

ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాను. ఆయనే అన్నాడు.

"నేను రెండు మూడు తూర్లు వచ్చినా పాపా. సందు మొదట్లో నిలబడి చూసినా. లైటు వెలుగుతాంటే, అమ్మ ఇంగా మేలుకోనే ఉండాది, కండ్లబడితే కోప్పడతాదని ఎనక్కి పోయినా."

ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. ఏమనాలి ఈ మనుషులను? ఆమె లైటు పెట్టి రమ్మంది. ఆయన లైటు చూసి వెనక్కి పోయాడు. చెట్టు లైటు చూసి పూత మానేసింది. మధ్యలో మా మోకాళ్లు అరిగిపోయాయి. ఒక్కరు, ఆ ఇంట్లో ఒక్కరు నోరు తెరిచి ఉంటే! తిట్టుకుంటూనే ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టుకున్నాను. దాచిన కర్జికాయలు ఎవరికోసమో మాకు తెలుసు కానీ, లైటు సంగతి ఎవరికీ తట్టలేదు. దుప్పటి ముసుగేసుకుని ఆ లైటును తిట్టినవాళ్లలో నేను కూడా ఉన్నాను.

తలుపు చప్పుడైంది. ఎదురింటి పిల్ల.

"ఆంటీ, కారిడార్ లైటు ఆర్పేద్దామా? పూలు పూస్తాయి."

ఆమె మొగుడు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఈ వారం రాత్రి పొద్దుపోయి వచ్చే షిఫ్టు.

"ఆర్పొద్దు" అన్నాను. గొంతు ఎందుకో అంత గట్టిగా వచ్చేసరికి ఆ పిల్ల బిత్తరపోయింది. "లైటు ఉండనీ. నీ మొగుడు ఇంటికి రావల్ల గదా. కుండీని లోపల పెడదాం పట్టు."

ఇద్దరం కలిసి దాన్ని మా సామాన్ల గదిలో పెట్టి, తలుపు మూసేశాం. అప్పటి నుంచి పొద్దుగూకే వేళకు లోపల పెట్టడం, తెల్లారాక బయట పెట్టడం నా పనైంది. నడుం పట్టుకుపోతోంది. పూస్తుందో పూయదో దాని ఇష్టం. కారిడార్‌లో లైటు మాత్రం ఆ పిల్ల మొగుడు వచ్చేదాకా వెలుగుతూనే ఉంటుంది.